పలాస పిల్లకి కెమెరా చదువెందుకు?

సినిమావాళ్ళకి ఈ మధ్య మా శ్రీకాకుళం తెగ నచ్చేస్తోంది. 2020 మార్చిలో, ఇంకో మూడు వారాలకి లాక్‌డౌన్ అనగా, కరుణ కుమార్ తీసిన ‘పలాస 1978’ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ వచ్చింది. గుజరాత్ నుంచి బోటు మీద వేటకెళ్ళి, 2018లో పాకిస్తాన్ జైల్లో పడ్డ మన జిల్లా మత్స్యకారుల కథ అది. ఒకప్పుడు మా యాస అంటే తెర మీద పనిమనిషి మాట, లేకపోతే కమెడియన్ మాట. ఇప్పుడు హీరో హీరోయిన్లు కష్టపడి నేర్చుకుని పలుకుతున్నారు. సంతోషమే. నేనూ టికెట్టు కొనుక్కుని చూశాను. ఈల వేయడం రాదు గానీ, వస్తే వేసేదాన్ని.

హాలు ఖాళీ అవుతుంటే నేను మాత్రం ఆఖర్న జారిపోయే పేర్లు చూస్తూ కూర్చుంటాను. అది నాకో జబ్బు. కెమెరా అసిస్టెంట్లు, ఎడిటింగ్ అసిస్టెంట్లు, సౌండ్, కళ, కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ మేనేజర్లు. వంద పేర్లు, రెండొందల పేర్లు. ఇంత పని ఎవరో ఎక్కడో నేర్చుకున్నారు కదా! ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా, ఈ తీరం పొడవునా, కెమెరా పట్టడం నేర్పే చోటు ఒక్కటి చెప్పండి. కాశీబుగ్గలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలున్నాయి. నిజం చెప్పాలంటే మాకున్న ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లు అవే. అక్కడ పని నేర్చిన కుర్రాళ్ళని నేను తక్కువ చేసి మాట్లాడను. రాత్రి పన్నెండింటికి ముహూర్తం, మండపంలో సగం లైట్లు పోయాయి, అయినా పెళ్ళికూతురి మొహం కనపడాలి. అది పనితనమే. కాకపోతే ఆ చదువు ఎవరి పెళ్ళితో మొదలై ఎవరి పెళ్ళితో ఆగిపోతుందో మనకి తెలుసు.

ఈ భాగం రాయడానికి కారణం మా డిగ్రీ ఫైనలియర్ అమ్మాయి ఒకతె. పేరు రాయను. పలాస దగ్గర ఎస్సీ కాలనీ. వాళ్ళమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. మొన్న పీజీ గురించి మాట్లాడుతుంటే ఆ పిల్ల, “మేడం, సినిమా తీయడం యూనివర్సిటీలో చదవొచ్చా?” అని అడిగింది. స్టాఫ్ రూములో ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మన పిల్లలకి ఏ చదువు అచ్చొస్తుందో ముందే తెలిసినవాళ్ళు, అంతే. బీఈడీ, నర్సింగ్, గ్రూప్స్ కోచింగ్. వాళ్ళమ్మ ఇంకా సూటిగా అడిగింది. “మేడంగారూ, అది సదివితే ఏటొత్తాది? బీఈడీ అయితే డీఎస్సీ ఉంటాది గదా. ఆ కేమెరా సదువుకి ఏ డీఎస్సీ ఉంది?” అప్ప అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా కళ, ఆత్మగౌరవం అంటూ ఉపన్యాసం ఇస్తే నాలాంటి జీతగత్తెకి చెల్లుతుంది. ఆవిడకి చెల్లదు. ఆ జవాబుకి తర్వాత వస్తాను.

ముందు నా సబ్జెక్టులోంచి ఒక మాట. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, సినిమా నా బడి కాదు. కానీ ఒక పోలిక నన్ను చాలా ఏళ్ళుగా వదలడం లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తుటి మీద నుంచి మన కవిత్వం లేచింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, ఆ మరుసటేడు ‘పదునెక్కిన పాట’. ఎండ్లూరి సుధాకర్, మద్దూరి నగేష్‌బాబు, సతీష్‌చందర్, కలేకూరి ప్రసాద్. పదేళ్ళలో తెలుగు సాహిత్యం మాట్లాడే తీరే మారిపోయింది. అదే పదేళ్ళలో సినిమాలో ఏం మారింది? ఏమీ మారలేదు. కారణం పెద్ద రహస్యం కాదు. కవిత్వానికి కాయితం చాలు. హాస్టల్ గదిలో, లైటార్పేశాక వరండాలో కూర్చుని కూడా రాయొచ్చు. సినిమాకి కెమెరా కావాలి, లైట్లు కావాలి, ఇరవైమంది మనుషులు కావాలి, ఆ ఇరవైమందికీ మధ్యాహ్నం భోజనం కావాలి. ఆ భోజనం ఖర్చు ఎవరి జేబులోంచి వస్తుందన్నదే తెలుగు సినిమా చరిత్రలో సగం.

1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, చల్లపల్లి జమీందారు డబ్బు, కాంచనమాల మొహం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ వాడది కాదు. ధర్మారావు మన వైపు వాడే. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి దగ్గర చదువుకుని, వాడుక భాషని తెర మీదికి తీసుకెళ్ళినవాడు. దానికి దణ్ణం పెడతాను. ఆ సినిమా ఆ రోజుల్లో చేసిన మేలు చేసింది. నేనడిగేది వేరు. ఇన్ని దశాబ్దాలు గడిచాయి. టైటిల్లో పేరున్న ఆ పిల్ల మనవరాలు ఇవాళ డిగ్రీ ఫైనలియర్ చదువుతోంది. ఆమె కెమెరా దగ్గరికి వెళ్ళడానికి దారేది?

ఇండస్ట్రీ చెప్పే దారి ఒకటుంది. కృష్ణానగర్ వెళ్ళు, రూములో నలుగురితో పడుకో, ఆఫీసుల చుట్టూ తిరుగు, ఎవరో ఒకరి దగ్గర అసిస్టెంటుగా చేరు, ఐదారేళ్ళు జీతం లేకుండా చెయ్యి, అప్పుడు నీ టైమొస్తుంది. కష్టపడితే పైకొస్తారు అనే మాటకి ఇది సినిమా వెర్షన్. ఐదారేళ్ళు జీతం లేకుండా ఎవడు ఉండగలడు? ఊళ్ళో రెండెకరాల కొబ్బరి తోట ఉన్నవాడు. హైదరాబాదులో మేనమామ ఇల్లున్నవాడు. ఆఫీసులో తన ఇంటిపేరు చెప్పగానే “ఫలానావారి అబ్బాయివా, లోపలికి రా బాబూ” అనిపించుకునేవాడు. ఇక ఆడపిల్లయితే ఆ రూములూ, ఆ అర్ధరాత్రి తిరుగుళ్ళూ వేరే లెక్క. రెండో దారి ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ళు. సౌకర్యాలు బాగుంటాయి. ఫీజు లక్షల్లో ఉంటుంది. అది చదువుకునే దారి కాదని నేననను. మా కాలనీ బస్సు ఆ స్టాపులో ఆగదు, అంతే.

మిగిలింది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. రోస్టర్ ఉండేది అక్కడ, స్కాలర్‌షిప్ ఉండేది అక్కడ, హాస్టల్ ఉండేది అక్కడ. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ కెమెరా ఎవరి సొంత ఆస్తీ కాదు. రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకుంటారు, సోమవారం తిరిగి ఇస్తారు. ఊరి బావి దగ్గర నీళ్ళు తోడుకునే హక్కు కోసం ఎన్ని తరాలు కొట్లాడామో తెలిసిన మనకి ఆ రిజిస్టరు విలువ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

“ఇప్పుడు ఫోనుంది కదా, ఇంకా ఈ యూనివర్సిటీలు దేనికి?” అని మన కుర్రాళ్ళే అంటున్నారు. దీని మీద కొంచెం సేపు కూర్చుని మాట్లాడుకోవాలి.

నేను చెప్పిన పిల్ల ఫోనుతో ఒక సినిమా తీసింది. ఆరు నిమిషాలు. వాళ్ళమ్మ చేతులు. జీడి పిక్క పగిలినప్పుడు పెంకులోంచి నూనె చిమ్ముతుంది. ఎంత బూడిద రాసుకున్నా, ఏ ఆముదం పూసుకున్నా వేళ్ళు నల్లబడతాయి, తోలు ఊడుతుంది. వేలిముద్రల మిషను ఆవిడ వేలిని ఒక పట్టాన గుర్తుపట్టదు. రేషన్ దగ్గర మిషను “మళ్ళీ పెట్టు” అంటుంటే అప్ప వేలు మార్చి మార్చి పెట్టడం ఈ సినిమాలో ఉంది. నేను మామూలుగా విద్యార్థుల పనిని ఊరికే పొగడను. ఇది చూసి కాసేపు మాట రాలేదు.

కానీ మాట రానిది నాకే కాదు, సినిమాకి కూడా. ఫ్యాక్టరీ షెడ్డులో మిషన్ల మోత మధ్య అప్ప చెప్పిన మాటల్లో సగం వినపడవు. ఇంటి బయట తీసిన చోట సముద్రం గాలి మైకులోకి దూరి బరబరమంటోంది. ఆవిడ తెల్లగా సున్నం వేసిన గోడ ముందు కూర్చుంది. ఫోను ఆ గోడ వెలుగుని చూసి తనంతట తనే బొమ్మని తగ్గించేసింది. అప్ప మొహం నల్లటి ముద్ద. కళ్ళు లేవు. “మేడం, మా అమ్మ కనపడట్లేదేటి?” అని అడిగింది పిల్ల.

ఎందుకు కనపడలేదో తెలుసుకోవడమే ఆ చదువు. దీనికొక చరిత్ర ఉంది. ఫిల్ము రీళ్ళ కాలంలో కోడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకి ఒక కార్డు పంపేది, షర్లీ కార్డు అనేవాళ్ళు. దాని మీద ఒక తెల్లమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. నల్లటి మనుషుల మొహాలు మచ్చలా వస్తున్నాయంటే అది వాళ్ళ మొహం తప్పన్నట్టు. ఆ తర్వాత చెక్క సామాన్ల కంపెనీలు, చాక్లెట్ కంపెనీలు “మా సరుకు రంగు సరిగ్గా పడట్లేదు” అని గోల చేశాయి. అప్పుడు గానీ ఫిల్ము మీద ముదురు రంగులు బాగా పట్టేలా చెయ్యాలన్న పని ఊపందుకోలేదు. మనుషుల కోసం కదలనిది చాక్లెట్ కోసం కదిలింది.

మన సినిమాల్లో ఈ కథ ఇంకో రూపంలో నడుస్తోంది. పేదవాడి పాత్ర వస్తే తెల్లటి హీరోకి గోధుమరంగు పూస్తారు. దానికి ‘డీగ్లామ్’ అని పేరు. నల్లటి మనిషినే తెచ్చి, ఆ మనిషి మొహం మీద వెలుగు ఎలా పడితే అందంగా ఉంటుందో ఆలోచించడం కన్నా రంగు పూయడం తేలిక. లైటు ఎక్కడ పెట్టాలి, మొహానికి ఎంత ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, వెనక గోడని ఎంత తగ్గించాలి, మైకుని గాలి నుంచి ఎలా కాయాలి అన్నవి నేర్పితే వచ్చే పనులు. ఫోనులో ఈ సెట్టింగులు కొన్ని ఉంటాయి. అవి ఉన్నాయని తెలియడానికి కూడా ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. అప్ప కళ్ళు తెర మీద కనపడ్డం కులం ప్రశ్నా, టెక్నిక్ ప్రశ్నా అని నన్నడిగితే, రెండూ ఒకే బల్బు కింద ఉన్నాయంటాను.

యూనివర్సిటీ కెమెరా ఏం చేయగలదో చెప్పడానికి రెండు ఊళ్ళకి తీసుకెళ్తాను. ఒకటి దూరం, ఒకటి దగ్గర.

దూరపుది లాస్ ఏంజెలెస్. 1960ల చివర, పౌరహక్కుల పోరాటాల వేడిలో, అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయం యూసీఎల్ఏ ఫిల్మ్ స్కూల్లోకి నల్లజాతి విద్యార్థులు వచ్చారు. చార్లెస్ బర్నెట్, హైలే గెరీమా, జూలీ డాష్. పక్కనే హాలీవుడ్. అక్కడ తమలాంటివాళ్ళని చూపించే పద్ధతి నచ్చక, కాలేజీ పరికరాలతో తమ పేటల్లోకి వెళ్ళారు. బర్నెట్ తన మాస్టర్స్ థీసిస్‌గా ‘కిల్లర్ ఆఫ్ షీప్’ తీశాడు. గొర్రెల్ని కోసే కార్ఖానాలో పనిచేసే మనిషి, అతని ఇల్లు, వీధిలో పిల్లలు. వారాంతాల్లో షూటింగ్, నటులు చాలామంది ఆ వాట్స్ పేటవాళ్ళే, ఖర్చు పదివేల డాలర్లు దాటలేదు. 1977లో పూర్తయింది. 1990లో అమెరికా జాతీయ గ్రంథాలయం దాన్ని భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చింది. కానీ థియేటర్లలోకి సరిగ్గా రావడానికి 2007 దాకా పట్టింది. ఎందుకో తెలుసా? వాడిన పాటలకి హక్కుల కాయితాలు లేవు. అందుకే నేను డైరెక్షన్ అనకుండా ప్రొడక్షన్ అంటున్నాను. బడ్జెట్ వేయడం, అనుమతులు తెచ్చుకోవడం, హక్కులు రాయించుకోవడం. సంతకాల దగ్గర మోసపోవడం మన జాతికి కొత్త కాదు. భూమి కాయితాల్లో పోయినట్టే సినిమా కూడా కాయితాల్లో పోతుంది.

దగ్గరిది మహారాష్ట్రలో అహ్మద్‌నగర్, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. నాగరాజ్ మంజులేది వడర్ కులం. మన వడ్డెర్లే, రాళ్ళు కొట్టే కులం. ఆ కులస్తుల ఇంటి భాషకి తెలుగుతో చుట్టరికం ఉంది. మంజులే పూణెలో మరాఠీ ఎంఏ చదివాడు. నాలాగే భాషా సాహిత్యం. ఆ తర్వాత అహ్మద్‌నగర్లో ఒక మామూలు ఆర్ట్స్, సైన్స్ కాలేజీలో కమ్యూనికేషన్ స్టడీస్ ఎంఏ చేశాడు. ఆ కోర్సులో భాగంగా ‘పిస్తుల్యా’ అనే చిన్న సినిమా తీశాడు. బడికెళ్ళాలని ఆశపడే ఒక సంచార కులపు పిల్లాడి కథ. దానికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ తర్వాత 2013లో ‘ఫండ్రీ’, 2016లో ‘సైరాట్’. ‘ఫండ్రీ’ ఆఖర్న పిల్లాడు విసిరిన రాయి ఎటు వస్తుందో చూసినవాళ్ళకి తెలుసు. చూడనివాళ్ళకి చెప్పి పాడుచేయను.

గమనించాల్సింది ఊరి పేరు. పూణెలో 1960 నుంచి దేశంలోకెల్లా పేరున్న ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మంజులేకి కెమెరా దొరికింది అక్కడ కాదు, జిల్లా కేంద్రంలోని కాలేజీలో. మన పిల్లలకి ఎఫ్‌టీఐఐ గురించి చెప్పండి, రాయమనండి, రిజర్వేషన్ ఉంది. కానీ 2019 డిసెంబరులో అక్కడి విద్యార్థులే ఫీజుల మీద నిరాహార దీక్షకి కూర్చున్నారన్నది కూడా చెప్పండి. ప్రవేశ పరీక్ష ఫీజే పదివేల దాకా వెళ్ళిందన్నది ఆ గొడవలో ఒక భాగం. దేశం మొత్తానికి గుప్పెడు సీట్లు. ఆ గుప్పెట్లో మన జిల్లా నుంచి ఎవరో ఒకరు పడితే పేపర్లో ఫొటో వేస్తారు. నాకు కావలసింది ఆ ఫొటో కాదు. మద్రాసులో 1945 నుంచి ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బెంగళూరులో అంతకన్నా రెండేళ్ళు ముందే పాలిటెక్నిక్‌లో సినిమాటోగ్రఫీ చెప్పారు. అంత వయసున్న ప్రభుత్వ సంస్థ రెండు తెలుగు రాష్ట్రాల్లో లేదు. సినిమా పిచ్చిలో మాత్రం మనం ఎవరికీ తీసిపోం. పా. రంజిత్ కూడా ప్రభుత్వ కాలేజీ పిల్లాడే, చెన్నై ఫైన్ ఆర్ట్స్ కాలేజీ. తను పైకొచ్చాక అసిస్టెంట్ డైరెక్టర్ల కోసం ‘కూగై’ పేరుతో లైబ్రరీ పెట్టాడు. తమిళంలో ఇవాళ ఒకరి తర్వాత ఒకరు ఎలా వస్తున్నారని ఆశ్చర్యపోయేవాళ్ళు ఈ రెండు విషయాలూ చూడాలి.

అలాగని విశ్వవిద్యాలయాన్ని నేను గుడి చేయడం లేదు. 2016 జనవరి 17 తర్వాత ఆ పని మనవల్ల కాదు. రోహిత్ చదివింది కూడా రిజర్వేషన్, హాస్టల్, స్కాలర్‌షిప్ అన్నీ ఉన్న విశ్వవిద్యాలయంలోనే.

సినిమా చదువులో తాజా కథ కేరళది. కొట్టాయం దగ్గర ఒక ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దాని పేరు కె.ఆర్. నారాయణన్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్. దేశానికి తొలి దళిత రాష్ట్రపతి పేరు. 2022 డిసెంబరులో అక్కడి విద్యార్థులు సమ్మెకి దిగారు. అడ్మిషన్లలో రిజర్వేషన్ పాటించలేదని, పారిశుధ్య పనిచేసే ఆడవాళ్ళ చేత డైరెక్టర్ ఇంట్లో కూడా పని చేయించుకున్నారని ఆరోపణలు. డైరెక్టర్ అవి కాదన్నారు. చైర్మన్ అదూర్ గోపాలకృష్ణన్ డైరెక్టర్ పక్షాన నిలబడ్డారు. దాదాపు యాభై రోజుల సమ్మె. జనవరిలో డైరెక్టర్ రాజీనామా చేశారు, ఆ నెలాఖరుకి అదూర్ కూడా చేశారు. ఊడ్చే ఆడవాళ్ళూ, కెమెరా నేర్చుకునే పిల్లలూ ఒకే గేటు దగ్గర కూర్చోవడం నాకు ఆ కథలో ముఖ్యమైన సంగతి. గేటు మీద మన పేరు రాసినంత మాత్రాన లోపల మన మాట చెల్లదని కూడా అదే చెప్పింది.

అదే అదూర్ 2025 ఆగస్టులో తిరువనంతపురంలో మళ్ళీ మాట్లాడారు. కేరళ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ దర్శకులకీ, మహిళా దర్శకులకీ సినిమా తీయడానికి కోటిన్నర దాకా ఇస్తోంది. ఇచ్చేముందు వాళ్ళకి కనీసం మూడు నెలల గట్టి శిక్షణ ఇవ్వాలనీ, కోటిన్నర ఎక్కువ, యాభై లక్షలు చాలనీ ఆయన సలహా. శిక్షణ కావాలనే కదా నేనూ ఇంతసేపు రాస్తున్నాను, మరి నాకెందుకు మండింది? చెప్తాను. శిక్షణ అందరికీ కావాలి. నిర్మాత కొడుకు మొదటి సినిమాకి యాభై కోట్లు పెట్టి మునిగినప్పుడు మూడు నెలల క్లాసు గురించి ఎవరూ మాట్లాడరు. మనకి ప్రజల డబ్బు ఒకటిన్నర కోటి వచ్చేసరికి అర్హత గుర్తొస్తుంది. చదువుని హక్కుగా అడగడం ఒకటి, చదువుని అడ్డుకర్రగా పెట్టడం ఒకటి. ఈ తేడా మెడికల్ సీట్ల దగ్గర, జడ్జీల పోస్టుల దగ్గర చూసినవాళ్ళమే.

మనం తీస్తే ఏమవుతుంది అన్నదానికి ముంబై టిస్ విద్యార్థుల సినిమా చూడండి. కోర్సులో భాగంగా ఐదుగురు పిల్లలు 2014లో ‘క్యాస్ట్ ఆన్ ద మెనూ కార్డ్’ తీశారు. పశుమాంసం తినడం, దాని చుట్టూ కులం, వంటిల్లు. చిన్న డాక్యుమెంటరీ. 2015లో ఢిల్లీలో ఒక ఫెస్టివల్లో వేయబోతే కేంద్ర సమాచార ప్రసార శాఖ దానికి అనుమతి ఇవ్వలేదు. విద్యార్థుల ప్రాజెక్టు వర్కు ఢిల్లీ మంత్రిత్వ శాఖ దాకా వెళ్ళిందంటే, ఆ పరికరానికి పదును ఉన్నట్టే కదా.

ఇప్పుడు మన తీరానికి రండి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మన మీద పడింది. టీవీ వ్యాన్లు వచ్చాయి. పడిపోయిన కొబ్బరి చెట్లు చూపించారు, చెట్టు యజమాని చేత మాట్లాడించారు. న్యాయమే, అతను నష్టపోయాడు. చెట్టుకింతని పరిహారం కట్టారు. ఆ చెట్టెక్కి కాయ దింపి బతికేవాడికి, పీచు తీసే ఆడమనిషికి ఏ చెట్టూ లేదు కాబట్టి ఏ లెక్కా లేదు. కెమెరా ఎవరి ముందు ఆగిందో పరిహారం కూడా అక్కడే ఆగింది.

కిడ్నీ జబ్బు ఇంకా పెద్ద ఉదాహరణ. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస. ఏ ఊరికెళ్ళినా డయాలిసిస్‌కి వెళ్ళొచ్చే మనిషి ఉంటాడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. దానికి ముందూ తర్వాతా ఎంతమంది వచ్చి తీశారో లెక్కలేదు. మెడ దగ్గర పైపు పెట్టిన మనిషి, పక్కన ఏడ్చే భార్య, వెనక విషాద సంగీతం. తీసినవాడు మళ్ళీ రాడు. తీసింది ఏమైందో ఆ ఇంటికి తెలీదు. మీ బొమ్మ తీయొచ్చా, ఎక్కడ చూపిస్తాం, వద్దంటే తీసేస్తాం అని అడగడం సినిమా చదువులో మొదటి పాఠాల్లో ఒకటి. మన పిల్లలు కూడా ఈ పాఠం చదవాలి. మనవాళ్ళం కదా అని మనవాళ్ళ బాధని అడక్కుండా తీసేసే హక్కు మనకీ లేదు.

2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురిని చంపారు. వంగర మండలం అప్పుడు మన జిల్లాలోనే ఉండేది. మడ్డువలస రిజర్వాయరు భూమి గొడవ. ఆ కథ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు సినిమాగా తీస్తారు. పెద్ద బ్యానరే రావచ్చు. చంపినవాళ్ళూ, చచ్చినవాళ్ళూ ఇద్దరూ పేదలే కదా అని కులం తీసేసిన స్క్రిప్టు రావచ్చు, లేదా మధ్యలో ఒక మంచి పెద్దమనిషి పాత్ర చొరబడి అందరినీ రక్షించవచ్చు. అది రాకముందే అక్కడి పిల్లలు ఒకరిద్దరు స్క్రిప్టు రాయడం, షెడ్యూలు వేయడం తెలిసినవాళ్ళై ఉండాలని నా ఆత్రం.

అప్పకి నేను చెప్పిన జవాబు ఇది. డీఎస్సీ లేదప్పా. గ్యారంటీ లేదు. రెండేళ్ళ కోర్సు చదివిన పదిమందిలో డైరెక్టర్ అయ్యేది ఏ ఒక్కరో, అదీ ఎప్పుడో. మిగతావాళ్ళు ఎడిటింగ్ చేస్తారు, సౌండ్ చేస్తారు, న్యూస్ ఛానళ్ళలో, యాడ్ కంపెనీల్లో, వెబ్ సిరీస్‌ల దగ్గర పనిచేస్తారు. పెద్ద సినిమాలో చేయాలంటే యూనియన్ కార్డు గొడవ వేరే ఉంది. కానీ చేతిలో పని ఉంటుంది. ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా అడిగి తెచ్చుకోగలిగే పని. ఆవిడ కాసేపు ఆలోచించి, “బీఈడీ కూడా రాయించండి. రెండూ రాయనీండి” అంది. నాకంటే తెలివైన మనిషి. మీ ఇళ్ళల్లో కూడా అదే చెప్పండి. ఒక దరఖాస్తు ఇది, ఒక దరఖాస్తు అది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్, థియేటర్ విభాగాలున్నాయి. ఇఫ్లూలో ఫిల్మ్ స్టడీస్ ఉంది, అక్కడ తీయడం కన్నా చదవడం ఎక్కువ. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఉంది. దరఖాస్తు పెట్టేముందు నాలుగు సంగతులు అడగండి. ఒక్కో విద్యార్థికి కెమెరా ఎన్ని రోజులు చేతికొస్తుంది? ఫైనల్ ప్రాజెక్టు ఖర్చు ఎవరిది? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? హాస్టల్ ఉందా? రెండో ప్రశ్నకి “విద్యార్థిదే” అంటే జాగ్రత్త. సీటు రిజర్వేషన్లో వచ్చి, సినిమా మాత్రం డబ్బున్న క్లాస్‌మేట్ తీసే పరిస్థితి అక్కడే మొదలవుతుంది. మన పిల్ల అతని సినిమాకి క్లాప్ కొడుతూ కోర్సు ముగిస్తుంది.

మనం అడగాల్సింది ఎచ్చెర్లలో. 2008 నుంచి మన జిల్లాలో బాబాసాహెబ్ పేరు మీద విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ సినిమా నిర్మాణంలో రెండేళ్ళ పీజీ శాఖ కావాలి. పాఠాలు తెలుగులో కూడా జరగాలి. ఫైనల్ సినిమా ఖర్చు శాఖ పెట్టాలి. జముకుల కథ, తప్పెటగుళ్ళు తెలిసిన కళాకారుల్ని జీతమిచ్చి పాఠం చెప్పడానికి పిలవాలి. వార్షికోత్సవంలో ఐదు నిమిషాలు ఆడించి శాలువా కప్పి పంపడం మానాలి. కెమెరాలు సెలవుల్లో బీరువాలో మూలగకుండా చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలకి ఇవ్వాలి. ఇందులో ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు.

వినతిపత్రం ముసాయిదా రాశాం. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి కాశీబుగ్గలో కూర్చుని ఖరారు చేస్తాం. టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం కాలేజీల విద్యార్థులు తప్పక రండి. చోటు కోసం ఇన్‌బాక్స్‌లో అడగండి. రాలేనివాళ్ళు మీ పేరు, కాలేజీ, ఏ క్రాఫ్టు నేర్చుకోవాలనుందో రాసి పంపండి. “డైరెక్షన్” అని అందరూ రాయకండి దయచేసి. సౌండ్ నేర్చుకునేవాళ్ళు ఇద్దరైనా కావాలి. మాకు గాలి ఎక్కువ.

వచ్చే భాగం: మన హాస్టల్ మెనూలు.

జై భీమ్.